శభాష్ అంటే అసలు అర్థం ఏంటి, పెద్దవాళ్ళని కూడా శభాష్ అనొచ్చా?

ఇది ఫార్సీ, అంటే పర్షియన్ భాష మాటండి, షాద్ బాష్ అని రెండు ముక్కలు, షాద్ అంటే సంతోషం, బాష్ అంటే ఉండు, రెండూ కలిసిపోయి షాబాష్ అయింది, అంటే ఒకరకంగా దీవెన లాంటిదే. మనం మాత్రం భలే చేశావ్ అనే అర్థంలో వాడేస్తాం. ఇక్కడ ఒడిశాలోని పర్లాకిమిడి, గుణుపురం వైపు పాత తెలుగువాళ్ళు సెబాసు అంటారు, ఒడియావాళ్ళకీ సాబాస్ ఉంది, కాబట్టి బజార్లో ఏ భాషలో అన్నా ఎదుటివాడికి అర్థమైపోద్ది.

ఇంక వాడకం. దీవెన కదా, పైనుంచి కిందకే వెళ్తుంది. తాత మనవణ్ణి "సెబాసురా గుంటడా" అంటే ముచ్చటగా ఉంటది, అదే మనవడు "శభాష్ తాతా" అంటే నవ్వులాటకి సరే గానీ మాస్టారి దగ్గరో మావగారి దగ్గరో అంటే వాళ్ళకి మార్కులేసినట్టు ఉంటది, అక్కడ "చాలా బాగా చేశారండి" అనడమే మేలు. సాటివాళ్ళ మధ్య ఏ ఇబ్బందీ లేదు. అలాగే "నలుగురిలో శభాష్ అనిపించుకున్నాడు" అన్నప్పుడు ఈ చిన్నాపెద్దా లెక్క ఉండదు, ఎవరి గురించైనా చెప్పొచ్చు.

వెటకారానికి కూడా బాగా పనికొస్తుంది, పాలు పొంగబెట్టేసినోణ్ణి "శభాష్, బాగానే కాశావ్" అంటాం కదా, అక్కడ గొంతుని బట్టే తెలుస్తుంది.

భళా సంగతి వేరు. అది మనకి మెచ్చుకోలు, బుర్రకథల్లో వినపడేదే, ఒడియాలో భలొ అంటే మామూలుగా మంచి, బాగు అని, రోజూ కుశలం అడగడానికీ అదే.