యూరోపియన్ యూనియన్ మీద వామపక్షాలకెందుకు కోపం?

ప్రశ్న ఇది: వలసలు, సరిహద్దులు అంటూ కుడిపక్షాలు యూరోపియన్ యూనియన్‌ని తిడతాయి సరే, అంతర్జాతీయత మాట్లాడే వామపక్షాలకేమైంది?

2015లో ఏథెన్స్‌లో చదువుకుంటున్నాను కాబట్టి గ్రీస్ సంగతే చెప్తాను. అప్పుల సంక్షోభం ముదిరి, జూన్ చివర్లో బ్యాంకులు మూసేశారు. ఏటీఎంలో రోజుకు 60 యూరోలే. 20 యూరోల నోట్లు అయిపోవడంతో చాలాచోట్ల చేతికొచ్చేది 50. విదేశీ కార్డులకు ఆ లిమిట్ లేదు. మా ఇంటి ఓనరు, రిటైరైన టీచరావిడ, క్యూలో నిలబడి 50 తీసుకుంది. వెనకే ఉన్న నేను అదే మెషిన్‌లో 200 తీశాను. తలెత్తి ఆవిడ మొహం చూడలేకపోయాను.

గ్రీస్ లాంటి అంచు దేశాల వామపక్షాల వాదన నాకు అప్పుడే ఎక్కింది. కరెన్సీ ఉమ్మడి, ఖజానా ఎవరిది వారిదే. గ్రీస్ పాత కరెన్సీ డ్రాక్మా ఉన్నప్పుడు ఎగుమతులు పడిపోతే దాని విలువ తగ్గించుకునేవాళ్లు. 2001లో యూరోలో చేరాక ఆ దారి మూసుకుపోయింది. కోయడానికి మిగిలింది జీతాలు, పెన్షన్లే. జర్మనీకేమో సొంత కరెన్సీ మార్క్ ఉంటే పెరిగే విలువ యూరోలో పెరగలేదు, ఎగుమతులకు బాగా కలిసొచ్చింది. 2010 నుంచి గ్రీస్‌ను ఆదుకోవడానికి అప్పుగా వచ్చిన బెయిలౌట్ డబ్బులో ఎక్కువ భాగం పాత అప్పులకే పోయింది. ఫ్రెంచ్, జర్మన్ బ్యాంకులు గట్టెక్కాయి. గ్రీస్‌లో నిరుద్యోగం 2013కల్లా 27 శాతం దాటింది.

అప్పులిచ్చినవాళ్ల షరతులు ఒప్పుకోవాలా అని జులై 5న పెట్టిన రెఫరెండంలో 61 శాతం మంది ‘ఓహి’, అంటే వద్దు, అన్నారు. జులై 13న వామపక్ష ప్రధాని సిప్రస్ ప్రభుత్వం అంతకంటే కఠినమైన షరతులకు ఒప్పుకుంది. గ్రీకులు ఓటేసి ఎన్నుకోని యూరోపియన్ సెంట్రల్ బ్యాంక్ అప్పటికే బ్యాంకులకు ఎమర్జెన్సీ నిధులు పెంచకుండా ఆపేసింది. వామపక్షాల అసలు కోపం ఇక్కడే: ఓటు మారినా పాలసీ మారదు.

నేను సగమే ఒప్పుకుంటాను. పన్ను ఎగవేతలు, 2009కి ముందు తప్పుడు లోటు లెక్కలు బ్రసెల్స్‌లోని యూరోపియన్ యూనియన్ పని కాదు, ఏథెన్స్ పనే. ఈ మాటెత్తితే నా వామపక్ష మిత్రులు టాపిక్ మార్చేసేవాళ్లు.

ఓనరావిడా ‘ఓహి’కే వేసింది. మరి యూరో వదిలేద్దామా అంటే, ‘పెన్షన్ డ్రాక్మాల్లో ఇస్తే నా మందులెవరు కొంటారు?’ అంది. సెప్టెంబర్ ఎన్నికల్లో, యూరో నుంచి బయటికి వద్దామన్న వామపక్ష పార్టీ పాపులర్ యూనిటీకి 3 శాతం ఓట్లు కూడా రాలేదు. ఆవిడ మళ్లీ సిప్రస్‌కే వేసింది, తిట్టుకుంటూనే.