గనుల తవ్వకం వద్దని గ్రామసభ తీర్మానిస్తే చెల్లుతుందా?

మీ గూడెం పక్క కొండ మీద సర్వే మొదలైందని, గ్రామసభ వద్దంటే ఆ మాట చెల్లుతుందా అని అడిగారు. చెల్లుతుంది. కాకపోతే ఆ తీర్మానం ఎవరు చేశారు, ఎలా రాశారు అన్నదాన్ని బట్టే దాని బలం. మాది పాడేరు వైపు. బాక్సైట్ (అల్యూమినియం ముడి ఖనిజం) గొడవలన్నీ ఊళ్లోనే ఉండి చూశాను.

పంచాయతీ తీర్మానం వేరు, గ్రామసభ తీర్మానం వేరు. సర్పంచ్, నలుగురు వార్డు మెంబర్లు సంతకం చేసిన కాగితం ఊరి మాట కాదు. పెసా చట్టం, అంటే గిరిజన షెడ్యూల్డ్ ప్రాంతాల పంచాయతీల చట్టం ప్రకారం ఒక్కో గూడేనికీ విడిగా గ్రామసభ ఉండొచ్చు. అటవీ భూమి అయితే అటవీ హక్కుల చట్టం కూడా వర్తిస్తుంది. 2012లో సవరించిన ఆ నిబంధనల్లో సభకు కనీసం సగం మంది సభ్యులు రావాలి, వచ్చినవాళ్లలో మూడో వంతు ఆడవాళ్లుండాలి.

ఆడవాళ్లు ఉంటే ఏమవుతుందో మా దగ్గర చూశాం. ఊళ్లోకి వచ్చినవాళ్లు హాజరు కోసమంటూ ఖాళీ కాగితాల మీద సంతకాలు అడిగారు. మాకు పెద్దమ్మ వరసయ్యే ఆవిడ చదువుకోలేదు. "పైన ఏటి రాస్తారో ముందు రాసి చదవండి, తర్వాతే వేలిముద్ర" అని కూర్చుంది. మిగతా ఆడవాళ్లూ కదల్లేదు. వచ్చినవాళ్లు కాగితాలు సర్దుకుని వెళ్లిపోయారు. ఆ సాయంత్రమే మా తీర్మానం మేం రాసుకున్నాం. గెడ్డ (వాగు) ఎక్కడ పుడుతుందో, ఎవరి కాఫీ తోట ఎక్కడుందో, ఏ కొండకు పండగ చేస్తామో అన్నీ పేర్లతో రాశాం. "మైనింగ్ వద్దు" అని ఒక్క ముక్క రాస్తే సరిపోదండీ.

ఒడిశాలోని నియమగిరిలో బాక్సైట్ తవ్వకం వస్తే డోంగ్రియా కోందు గిరిజనులు కొండనే తమ దేవుడు నియమరాజాగా చెప్పుకున్నారు. 2013 ఏప్రిల్లో సుప్రీంకోర్టు ఆ హక్కుల సంగతి గ్రామసభలనే తేల్చమంది. 12 గ్రామసభలూ వద్దన్నాయి. 2014 జనవరిలో కేంద్రం ఆ తవ్వకానికి అనుమతి నిరాకరించింది.

ప్రైవేటు కంపెనీ లీజు అయితే సమత అనే సంస్థ వేసిన కేసులో 1997లో సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పు చూపించండి. మన అనంతగిరి మండలం కేసే అది. షెడ్యూల్డ్ ప్రాంతంలో ప్రభుత్వ భూమి అయినా గిరిజనేతరులకు లీజుకివ్వడానికి వీల్లేదని తేల్చింది. కానీ ప్రభుత్వ సంస్థ పేరుతో వస్తే ఈ తీర్పు ఒక్కటే ఆపలేదు. మన మన్యంలోని జెర్రెల అటవీ భూమిలో బాక్సైట్ తవ్వకం కోసం 2015లో వచ్చిన జీవో 97 అలాంటిదే. ఊళ్లన్నీ కదిలాక దాన్ని పక్కన పెట్టారు, రద్దు చేసింది మాత్రం 2019లో. అన్నేళ్లూ టెన్షనే.

అభివృద్ధికి అడ్డుపడుతున్నారని మిమ్మల్నీ అంటారు. రోడ్డు కావాలని అర్జీలు పెట్టేది మనమే, రోడ్డు లేక గర్భిణుల్ని డోలీలో మోసేదీ మనమే. ఆ మాట కూడా తీర్మానంలో రాయించండి.

రాసిన రోజే ప్రతి పేజీ ఫొటో తీసుకోండి. కలెక్టరుకూ, ఐటీడీఏ (గిరిజనాభివృద్ధి సంస్థ) పీవోకూ నకళ్లు ఇచ్చి, ముట్టినట్టు తేదీతో ముద్ర వేయించుకోండి. పోడు పట్టాల దరఖాస్తులు ఇంకా తేలకపోతే వాటి నంబర్లు కూడా అందులో చేర్చండి.