తుఫాను తర్వాత ఇంటి ఇన్సూరెన్స్ క్లెయిమ్ కదలకపోతే ఏం చేయాలి?

"మొంథా తుఫానుకి మా ఇంటి కప్పు దెబ్బతింది. క్లెయిమ్ పెట్టి నెలలు దాటింది, ఏజెంటు ఫోనెత్తడం లేదు, ఏం చేయాలి?" అని అడిగారు. ముందు ఆ ఏజెంటుకు ఫోన్ చేయడం మానేయండి. పాలసీ అంటగట్టాక ఆయన పని అయిపోయింది. నన్నడిగితే ఆగిన క్లెయిములన్నీ ఆగేది ఒక్కచోటే, నష్టం లెక్కకట్టడానికి కంపెనీ పంపే సర్వేయరు రిపోర్టు దగ్గర.

మాది విశాఖ. 2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ మా ఊరి మీదే తీరం దాటింది. మేడ మీద రేకుల షెడ్డు లేచిపోయింది. కిటికీ అద్దాలు పగిలి వాన హాల్లోకి కొట్టింది. ఇన్వర్టర్ తడిసి చచ్చింది. అన్నిటికన్నా విచిత్రం నీళ్ల ట్యాంకు. కరెంటు లేక నీళ్లెక్కించలేదు కదా, ఖాళీ ట్యాంకు పైపులు తెంపుకుని ఎటో ఎగిరిపోయింది.

సర్వేయరు పక్క రాష్ట్రం నుంచి వచ్చారు. చేతిలో చాంతాడంత జాబితా. పాపం మంచివాడే, కానీ రూలు రూలే.

"ట్యాంకు ఎక్కడుంది?"

"ఎగిరిపోయిందండీ."

"విరిగిందైనా చూపించాలండీ. సాల్వేజ్ లెక్క, అంటే మిగిలిన తుక్కు ఎంత చేస్తుందో రాయాలి నేను."

మా నాన్నకు ప్రతి వస్తువు మీదా ఇంటి నంబరు పెయింటుతో రాసే పిచ్చి. బకెట్లు, నిచ్చెన, చివరికి ట్యాంకు కూడా. ఆ నంబరున్న ట్యాంకు రెండు వీధులవతల రేకుల ఇళ్ల దగ్గర చూశానని పాలబ్బాయి చెప్పాడు. ముగ్గురం వెళ్లాం. అంచు చీలిపోయి, సగానికే నీళ్లు ఆగుతున్నాయి. ఆ ఇంటావిడ బిందె అడ్డం పెట్టుకుని, "తీసుకెళ్లిపోతారేటి బాబూ?" అంది. అప్పటికి ఊళ్లో కరెంటు లేదు, కుళాయిలు రావడం లేదు. "ఉంచుకోమ్మా, ఫొటో తీసుకుని పోతాం" అన్నారు నాన్న. సర్వేయరు నంబరు కనబడేలా ఫొటో తీసుకుని, సాల్వేజ్ దగ్గర సున్నా వేశారు. ఆ ఇంటి రేకులూ సగం లేచిపోయి ఉన్నాయి. వాటి లెక్క మాత్రం ఎవరి జాబితాలోనూ లేదు.

ఆ తర్వాత మొదలైంది అసలు టెన్షన్. కంపెనీ ఆఫీసుకెళ్తే "రిపోర్టు రాలేదు" అంటారు. సర్వేయరుకు ఫోన్ చేస్తే "ఎప్పుడో పంపేశాను" అంటారు. ఇలా ఇద్దరి మధ్యా తిరగడం వల్ల ఒరిగేదేమీ లేదు. నాన్న కాగితం మీద రెండే ప్రశ్నలు రాశారు: రిపోర్టు మీకు ఏ తేదీన అందింది? దాని కాపీ నాకెప్పుడిస్తారు? రెండో ప్రతి మీద ఆఫీసు ముద్ర వేయించుకుని వచ్చారు. ఫైలు కదిలింది ఆ ముద్ర పడ్డాకే.

డబ్బు పూర్తిగా రాలేదు లెండి. షెడ్డు పాతదని తరుగుదల కోశారు. ఇన్వర్టర్‌కి పైసా రాలేదు, ఎందుకంటే హోమ్‌లోన్ బ్యాంకు వాళ్లు గోడలకే పాలసీ చేయించారు, లోపలి సామానుకు కాదు. పాలసీ కాగితం మాత్రం వాళ్ల దగ్గరే! ఇక అద్దాల షాపువాడు ఆ వారం రేటు రెట్టింపు చేసి, చిత్తు కాగితం మీద అంకె గీకి ఇచ్చాడు. పక్కా బిల్లు అడిగితే "ఇంకో షాపు చూసుకోండి" అన్నాడు. తుఫానుకంటే వీళ్ల మీదే నాకు ఎక్కువ కోపం.

ఇప్పుడు రూల్స్ మీకే అనుకూలం. బీమా కంపెనీల మీద అజమాయిషీ చేసే ఐఆర్‌డీఏఐ 2024లో ఇచ్చిన ఆదేశాల ప్రకారం క్లెయిమ్ చెప్పిన 24 గంటల్లో సర్వేయరును వేయాలి, 15 రోజుల్లో రిపోర్టు తెప్పించుకోవాలి, అందిన 7 రోజుల్లో ఏదో ఒకటి తేల్చాలి. ఈ గడువులన్నీ ఎత్తి చూపిస్తూ కంపెనీ గ్రీవెన్స్ ఆఫీసరుకు మెయిల్ పెట్టండి. ఐఆర్‌డీఏఐ వాళ్ల బీమా భరోసా పోర్టల్‌లోనూ ఫిర్యాదు నమోదు చేయండి, 155255కి ఫోన్ చేసినా తీసుకుంటారు. నెల దాటినా జవాబు రాకపోతే బీమా తగాదాలు తేల్చే అధికారి, హైదరాబాద్‌లోని ఇన్సూరెన్స్ అంబుడ్స్‌మన్‌కు రాయండి. ఫీజు లేదు, లాయరు అక్కర్లేదు.

సర్వేయరు అసలు వచ్చారో లేదో మీరు రాయలేదు. రాకపోతే కారుతున్న కప్పు కింద ఆయన కోసం కూర్చోకండి. అన్ని వైపుల నుంచీ వీడియో తీసి, రిపేరు మొదలుపెడుతున్నామని కంపెనీకి మెయిల్ పెట్టి పని చేయించుకోండి. పగిలిన ముక్కలు మాత్రం పారేయకుండా ఒక మూల పోసి ఉంచండి, ఇంట్లోవాళ్లు ఎంత విసుక్కున్నా సరే.