పాపకు కరాటేనా, జూడోనా?

(జవాబులు: మహబూబ్‌నగర్ జిల్లా సర్కారు బడుల్లో పీఈటీగా పనిచేసి రిటైరైన టీచరమ్మ)

ప్రశ్న: మా పాప ఎనిమిదో తరగతి. మొన్న బస్సులో ఒకడు చెయ్యి పట్టుకున్నాడని ఏడ్చుకుంటూ ఇంటికొచ్చింది. మా దగ్గర కరాటే, తైక్వాండో క్లాసులున్నాయి. మా తమ్ముడేమో జూడో మేలంటాడు. ఏది నేర్పించాలి? – ఒక తల్లి, మిర్యాలగూడ

జవాబు: అమ్మా, పాప ఆ సంగతి దాచకుండా మీకు చెప్పింది. నాకు అదే ధైర్యంగా అనిపించింది. ఎవరికీ చెప్పలేక బస్సు మానేసి మూడు కిలోమీటర్లు నడిచిపోయిన పిల్లలను నేను చూశాను. 'ఆ సీట్లో ఎందుకు కూర్చున్నావ్' అని మాత్రం పాపను అనకండి.

ఇక మీరడిగిన విద్యల సంగతి. ఒకినావాలో పుట్టిన కరాటేలో గుద్దులు, తన్నులు ఎక్కువ. కొరియా వాళ్ల తైక్వాండోలో పని ఎక్కువగా కాళ్లదే. పోటీల్లో ముఖం మీద గుద్దనివ్వరు. చూడ్డానికి అందంగా ఉంటుంది, ఒంటికి చురుకు వస్తుంది. కానీ నిలబడ్డానికే చోటులేని బస్సులో కాలెక్కడ లేపుతాం? జూడోను 1882లో జిగోరో కానో టోక్యోలో మొదలుపెట్టాడు. అందులో గుద్దులు లేవు. పట్టుకోవడం, పట్టు విడిపించుకోవడం, పడెయ్యడం, పడ్డా దెబ్బ తగలకుండా పడటం. ఆడపిల్లకు ఎదురయ్యేవి చాలావరకు పట్లే: చెయ్యి పట్టుకుంటారు, చున్నీ గుంజుతారు, వెనకనుంచి వాటేసుకుంటారు. అందుకే నేను జూడో వైపే.

ఒకసారి మీ ఎడమచేత్తో మీ కుడి మణికట్టు పట్టుకుని చూడండి. ఒకవైపు నాలుగు వేళ్లున్నాయి, ఇంకోవైపు బొటనవేలు ఒక్కటే. ఆ బొటనవేలి కొస దగ్గరే సందు. భయంలో అందరం చెయ్యిని వెనక్కి గుంజుతాం, అప్పుడు పట్టు ఇంకా బిగుస్తుంది. మణికట్టు సన్నటి అంచును ఆ సందువైపు తిప్పాలి, ఒక అడుగు ముందుకేసి మన మోచెయ్యిని వాడి మోచెయ్యి వైపు తోయాలి. చెయ్యి జారి బయటికొస్తుంది. దాంతోపాటే నోరు లేవాలి. 'చెయ్యి తియ్' అని కండక్టర్‌కు వినపడేలా అరవాలి.

ఇది చెప్పినంత తేలిక కాదు. మా బడి వరండాలో పాత బొంతలు పరిచి నేర్పేదాన్ని. పిల్లలు నవ్వుకుంటూ ఒకళ్లనొకళ్లు పట్టుకుంటే అందరికీ వచ్చేసింది. నేను పోయి ఒక పదో తరగతి పిల్ల చెయ్యి గట్టిగా పట్టి 'ఇప్పుడు విడిపించుకో' అన్నాను. ఊపిరి బిగబట్టి బిగుసుకుపోయింది. అప్పటినుంచి వదులుగా పట్టుకోవడం మాన్పించాను. ఇరవై రోజులు, రోజుకు పదిసార్లు, గట్టి పట్టే. ఆఖరికి ఆ పిల్ల నా చేతిని విదిలించిన తీరు నాకింకా గుర్తే.

కాబట్టి ఏ క్లాసుకు పోయినా పేరును బట్టి చేర్చకండి, ఒక గంట కూర్చుని చూడండి. ఎదుటివాళ్లు నిజంగా అడ్డుకుంటుంటే సాధన చేయిస్తున్నారా? జూడోలో దాన్ని రాండోరి అంటారు, కరాటేలో కుమితే. అది ఉంటే కరాటే అయినా నిక్షేపంగా పంపండి. మా అబ్బాయిని వేసిన ఒకచోట మూడు నెలలకే పరీక్ష ఫీజు తీసుకుని బెల్టు ఇచ్చారు. అప్పటిదాకా వాడు గాల్లో గుద్దడమే తప్ప ఇంకో పిల్లవాణ్ణి ముట్టుకున్నది లేదు. నాకు చాలా బాధేసింది.

ఆ బస్సు వాడి సంగతి మాత్రం వదలొద్దు. ఆడవాళ్లను వేధించేవాళ్లను పట్టుకోవడానికి 2014లో హైదరాబాద్‌లో మొదలైన పోలీసుల షీ టీమ్స్ ఇప్పుడు జిల్లాల్లోనూ ఉన్నాయి. ఫిర్యాదు చెయ్యండి. అప్పటికప్పుడు అవసరమైతే 112.

ప్రశ్న: కుంగ్‌ఫూ, బాక్సింగ్, జియు-జిట్సు... అసలు కొట్లాటలో ఏది గెలుస్తుంది? – ఇంటర్ విద్యార్థి, జడ్చర్ల

జవాబు: తమ్ముడూ, 1993లో అమెరికాలోని డెన్వర్‌లో రకరకాల విద్యల వాళ్లను ఒకే బరిలో దించారు. అదే యూఎఫ్‌సీ అనే పోటీల్లో మొదటిది. పెద్ద ఒడ్డూపొడుగూ లేని రాయ్స్ గ్రేసీ బ్రెజిల్ జియు-జిట్సు అనే నేలమీది పట్ల విద్యతో ఒక్కొక్కరిని కిందికి తెచ్చి ఓడించాడు. నేలమీద ఏం చెయ్యాలో వాళ్లకు తెలియలేదు. తర్వాత అందరూ అది నేర్చుకున్నారు. ఇప్పటి ఫైటర్లు బాక్సింగ్, కుస్తీ, జియు-జిట్సు అన్నీ కలిపి చేస్తారు. కానీ తారురోడ్డు మీద, అవతల నలుగురుంటే కిందపడటం ప్రమాదం. అక్కడ బాక్సర్ కాళ్ల కదలికే కాపాడుతుంది. నిజామాబాద్ నిఖత్ జరీన్ 2022, 2023లో ప్రపంచ చాంపియన్ అయింది. ఆమె బౌట్లలో కాళ్లు గమనించు. ఇంకో మాట: ఆత్మరక్షణ హక్కు భారతీయ న్యాయ సంహితలో ఉంది. అవసరానికి మించి కొడితే ఆ హక్కు నిలవదు.

ప్రశ్న: నాకు 45 ఏళ్లు. ఈ వయసులో కర్రసాము పనికొస్తుందా? – ఒక రైతు, మక్తల్

జవాబు: తప్పక పనికొస్తుంది అన్నా. మా చిన్నాయన మీ వైపు జాతరల్లో కుస్తీ పట్టేవాడు, కర్ర తిప్పేవాడు. కర్రసాముతో మణికట్టు, భుజం వదులవుతాయి, చూపూ అడుగూ కలిసి నడుస్తాయి. కాకపోతే ముందు పడటం నేర్చుకోండి. నిరుడు నేను స్కూటీ మీంచి పడ్డప్పుడు చెయ్యి ఆనించకుండా భుజం మీదుగా దొర్లాను. మోచెయ్యి గీరుకుపోవడంతో సరిపోయింది. రెండు బొంతలు పరిచి, గొంతుక్కూర్చుని మెల్లగా వెనక్కి దొర్లండి. గడ్డం ఛాతీకి ఆనాలి, తల నేలకు తగలొద్దు. మొదటి వారం రోజుకు అయిదుసార్లు చాలు.