సమాధానం: రౌటర్ జాబితాలో తెలియని ఫోన్లు, ఆఫీసు లాప్‌టాప్ భద్రమేనా?

అన్నా, రౌటర్ జాబితాలో తెలియని ఫోన్లు కనిపిస్తున్నాయి, అదే వైఫై మీద ఆఫీసు లాప్‌టాప్ భద్రమేనా అని అడిగారు. తిరుపతిలో ఇల్లంటే దర్శనానికొచ్చే చుట్టాలు తప్పరు. కానీ వాళ్లందరికీ ఇచ్చిన వైఫై మీదే ఆఫీసు లాప్‌టాప్ నడపడం, దాని పాస్‌వర్డు మీ మొబైల్ నంబరే కావడం అసలు ప్రమాదం. డబ్ల్యూపీఏ2 (వైఫైకి వేసే తాళం పద్ధతి)లో ఫోన్ కనెక్టయ్యేటప్పుడు గాలిలో వెళ్లే డేటాను రోడ్డు మీద నుంచే పట్టుకుని, తర్వాత తీరిగ్గా పాస్‌వర్డులు వేసి చూడొచ్చు. పది అంకెలైతే మంచి గ్రాఫిక్స్ కార్డుకు కొన్ని గంటల పనే. సంబంధం లేని నాలుగైదు తెలుగు మాటలు ఇంగ్లీషు అక్షరాల్లో కలిపి, 20 అక్షరాలకు తగ్గకుండా పెట్టండి.

రౌటర్ సెట్టింగ్స్ కోసం బ్రౌజర్‌లో 192.168.1.1 తెరవండి. రాకపోతే రౌటర్ అడుగున స్టిక్కర్ చూడండి. ఈ సెట్టింగ్స్‌లోకి వెళ్లే అడ్మిన్ పాస్‌వర్డు వేరే ఉంటుంది, దాన్నీ మార్చండి. సెక్యూరిటీలో దానికంటే కొత్త తాళం పద్ధతి డబ్ల్యూపీఏ3 పెట్టండి. పాత ఫోన్లు కలవకపోతే డబ్ల్యూపీఏ2-ఏఈఎస్. పాత, బలహీనమైన టీకేఐపీ వద్దు. డబ్ల్యూపీఎస్ (పాస్‌వర్డు కొట్టకుండా బటన్ లేదా పిన్‌తో కలిపే సౌకర్యం) తప్పక ఆపేయండి: దాని 8 అంకెల పిన్‌ను రౌటర్ రెండు ముక్కలుగా సరిచూస్తుంది, చివరి అంకె లెక్కతో వచ్చేదే, కాబట్టి 11,000 ప్రయత్నాల్లో దొరికిపోతుంది.

చుట్టాలకు, కింద పోర్షన్ వాళ్లకు, సీసీ కెమెరాకు గెస్ట్ నెట్‌వర్క్ (అదే రౌటర్‌లో వేరే పేరుతో ఇచ్చే వైఫై) చాలు. అందులో లోకల్ నెట్‌వర్క్ యాక్సెస్ (ఇంట్లోని మిగతా పరికరాలను చేరే వీలు) ఆపి ఉందో లేదో చూడండి, లేకపోతే వేరు చేసినా ఫలితం లేదు.

ఇక ఆ తెలియని ఫోన్లు: ఇప్పటి ఫోన్లు అసలు మ్యాక్ అడ్రసు (ప్రతి పరికరానికీ ఉండే గుర్తింపు సంఖ్య) దాచి వేరేది చూపిస్తాయి, అవి మీ ఇంట్లోవే కావచ్చు. పాస్‌వర్డు మార్చాక ఒక్కొక్కటే కలుపుతూ జాబితా చూస్తే తేలిపోతుంది. మ్యాక్ ఫిల్టర్ (ఆ అడ్రసు చూసి పరికరాలను రానివ్వడం, ఆపడం), వైఫై పేరు దాచడం మీద సమయం పెట్టొద్దు.