కొత్త వాటర్ కలర్స్ కొన్నాక ముందు కలర్ చార్ట్ వేసుకోవాలా, నేరుగా బొమ్మలు వేయొచ్చా?

అడిగినవారు హనుమకొండలోనే ఉంటారట. 12 ట్యూబుల సెట్ తెప్పించుకున్నారు. వీడియోల్లో అందరూ ముందు గళ్లు గీసి, ఒక్కో గడిలో ఒక్కో రంగు నింపి చార్ట్ చేసుకోమంటున్నారు, అది పూర్తయ్యాకే బొమ్మ మొదలుపెట్టాలా అని అడిగారు.

అక్కర్లేదు. చార్ట్ వేసేవాళ్లకు కోపం రావచ్చు గానీ, అది రంగుల పని కాదు, రికార్డు బుక్ పని. మార్జిన్ కొట్టి, పేర్లు అందంగా రాసి, ఫొటో తీసి పెట్టాక ఆ పేజీ మళ్లీ తెరిచినవాణ్ణి నేనింతవరకు చూడలేదు. గడిలో నింపిన ఎరుపు బాగానే ఉంటుంది. పక్కన ఇంకో వస్తువు ఉన్నప్పుడు, కింద ఇంకో పొర ఉన్నప్పుడు, పైన ఎండ పడుతున్నప్పుడు అది ఏం చేస్తుందన్నదే అసలు సంగతి.

నేను చేసేది చెబుతాను. అరచేతిలో పట్టే స్కెచ్‌బుక్ ఒకటి. పేజీ మీద మాస్కింగ్ టేపుతో అగ్గిపెట్టె కన్నా కాస్త పెద్దవిగా నాలుగు గళ్లు. ఎదురుగా ఉన్న ఒకే వస్తువును ఆ నాలుగింట్లో నాలుగు రకాలుగా వేయడం. ఒక్కోదానికి పది నిమిషాలకు మించి ఇవ్వకూడదు, ఇస్తే దాన్ని మంచి బొమ్మ చేయాలన్న ఆశ పుడుతుంది. అక్కడితో పరీక్ష పోయినట్టే.

వస్తువు మాత్రం ఆ రంగుకు సవాలుగా ఉండాలి. ఎరుపు ట్యూబులు కొత్తగా వచ్చినప్పుడు నేను వాటిని వరంగల్‌లోని ఏనుమాముల మార్కెట్‌కు పట్టుకెళ్లాను. మార్చి నెల, మిర్చి సీజన్ జోరు మీదుంది. మా బామ్మర్ది నర్సంపేట వైపు నుంచి కాయ తెచ్చాడు, జెండా పాట (ధర తేల్చే వేలం) అయ్యేదాకా ఎటూ కదిలే పని లేదు. ఆయన బస్తాల దగ్గర, నేను బస్తాల మీద.

మిర్చి యార్డు లోపలికి వెళ్లినవాళ్లకు ఆ గాలి సంగతి తెలుసు. ముక్కుకు కర్చీఫ్ కట్టుకున్నా దగ్గు ఆగదు, కళ్లు మండుతూనే ఉంటాయి. కుంచె మొనను పెదవులతో సరిచేసుకునే అలవాటున్నవాళ్లు అక్కడికి వెళ్తే ఆ అలవాటు ఒక్క పూటలో పోతుంది. (ఎలాగూ మానాల్సిన అలవాటే. క్యాడ్మియం, కోబాల్ట్ రంగులు నోట్లోకి పోవలసినవి కావు.)

సన్నగా పొడుగ్గా ఉండే తేజ రకం కాయను వదిలేసి చపాటా రకాన్ని ఎంచుకున్నాను. పొట్టిగా, లావుగా ఉంటుంది, టమాట మిర్చి అని కూడా అంటారు. కారం తక్కువ, రంగు ఎక్కువ. 2025లో వరంగల్ చపాటా మిర్చికి జీఐ (భౌగోళిక గుర్తింపు) వచ్చిందంటే అందులో ఆ రంగు పాత్రే పెద్దదని నా నమ్మకం. ఎండిన కాయను చేతిలోకి తీసుకుని చూస్తే తొడిమె గడ్డి రంగులో ఉంటుంది, తోలు మీద సన్నటి మెరుపు గీత, ముడతల లోపల దాదాపు నలుపు. అదంతా కలిపి మనం ఎరుపు అనేస్తాం.

మొదటి గడిలో స్టూడెంట్ సెట్‌లోని వెర్మిలియన్ వాడాను. ట్యూబు మీద చిన్న అక్షరాల్లో హ్యూ అని ఉంది. అంటే పేరులో ఉన్న అసలు పిగ్మెంట్ (రంగునిచ్చే పొడి) అందులో ఉండదు, దాని రంగును పోలిన ఇంకేదో ఉంటుంది. తడిగా ఉన్నప్పుడు భగ్గుమంది. ఆ ఎండకు చూస్తుండగానే ఆరిపోయి, పైన సుద్ద పూసినట్టు వెలవెలబోయింది. ఏ వాటర్ కలరైనా ఆరాక కాస్త తగ్గుతుంది, అది మామూలే. కానీ చవక రంగుల్లో పిగ్మెంట్ తక్కువ, ఫిల్లర్ (రంగు లేని కలుపు పొడి) ఎక్కువ, అందుకే ఇంతగా తగ్గుతుంది.

బస్తా దింపి చెమట తుడుచుకుంటున్న హమాలీ ఒకాయన నా భుజం మీది నుంచి తొంగి చూశాడు.

"సార్, గిది తాలు కాయ గదా?"

తాలు అంటే రంగు పోయి తెల్లబారిన కాయ. దాన్ని వేరే కుప్ప పోస్తారు, ధర బాగా తక్కువ. "కాదన్నా, మంచి కాయనే వేస్తున్న" అంటే ఆయన కుప్పలోంచి ఒక కాయ తీసి నా పేజీ పక్కన పెట్టాడు. "జూడున్రి మరి" అని ఊరుకున్నాడు. రోజంతా కాయ రంగు చూసే మనిషి, ఆయన ముందు ఏ చార్టు పనికొస్తుంది?

రెండో గడిలో పైరాల్ రెడ్. ట్యూబు మీద పీఆర్254 అని పిగ్మెంట్ కోడ్ ఉంటుంది. ఇది ఆరినా వెలవెలబోలేదు. నీడ కోసం అదే తడిలో థాలో గ్రీన్, అంటే పీజీ7, కుంచె కొసతో ఒక చుక్క వదిలాను. ఎరుపులో ఆకుపచ్చ ఏమిటనుకుంటారు గానీ ఆ చుక్క విరిగి ముదురు మెరూన్ అయింది, అచ్చంగా ముడత లోపలి రంగు. నల్ల ట్యూబు వాడి ఉంటే అక్కడ బొగ్గు మరక మిగిలేది.

మూడో గడి నాకు బాగా నచ్చింది. ముందు పల్చటి పసుపు పూత. అది పూర్తిగా ఆరాక (ఆ ఎండలో ఎంతసేపు!) దాని మీద క్వినాక్రిడోన్ రోజ్, పీవీ19. ఈ రోజ్ ఒక్కటే వేస్తే గులాబీ రంగు, మిర్చికి సంబంధమే లేదు. పసుపు మీద పడేసరికి లోపలి నుంచి వెలుగుతున్న ఎరుపు వచ్చింది. ఎందుకంటే ఆ రంగు పారదర్శకం. వెలుగు రెండు పొరలూ దాటి కాగితం దాకా వెళ్లి తిరిగి వస్తుంది. చార్టులో పీవీ19 గడి చూసినవాడు ఇది మిర్చికి పనికొస్తుందని కలలోనైనా అనుకోడు.

నాలుగో గడిలో కుప్ప మొత్తం వేద్దామని తడి కాగితం మీద రెండు ఎరుపులు వదిలాను. కాయలు విడివిడిగా గీయలేదు, అంచుల్లో ఓ నాలుగైదు మాత్రం తేల్చాను. ఇంతలో ఎవరో బస్తా కుమ్మరించారు, మిర్చి పొడి లేచి తడి రంగు మీద పడింది. ఆ గరుకు చుక్కలు ఇప్పటికీ ఆ పేజీలో ఉన్నాయి. హమాలీ అన్న మళ్లీ వచ్చి మూడో గడి మీద వేలు పెట్టి "గిది చపాట" అన్నాడు. మా బామ్మర్ది మాత్రం "బావా, లే, పాట పెడ్తున్నరు, నీ కాయకు రేటు తర్వాత కడ్దాం" అన్నాడు.

నీలాల్లోనూ ఇదే కథ. అల్ట్రామెరైన్, థాలో బ్లూ గళ్లలో పక్కపక్కన నింపితే రెండూ నీలమే, కాస్త తేడా అంతే. వేయిస్తంభాల గుడి ముందు కూర్చుని నల్లరాతి స్తంభం వేయండి, అప్పుడు తెలుస్తుంది. అల్ట్రామెరైన్‌లో బర్న్ట్ సియెన్నా కలిపి నీళ్లు ఎక్కువగా వదిలితే ఆరేటప్పుడు నీలం రేణువులు కాగితం గుంతల్లో దిగిపోతాయి, రాతి గరుకు దానంతటదే వస్తుంది. థాలో అలా దిగదు. అది కాగితాన్ని పట్టుకుంటుంది, తడి గుడ్డతో ఎంత ఒత్తినా పూర్తిగా లేవదు.

ఇక కాగితం. దీని గురించి ఎవరూ అడగరు, అందుకే నేనే చెబుతాను. రంగులకు వేలు పోసి, బుక్ మాత్రం ఏదో ఒకటి కొనేవాళ్లను చూస్తే నాకు ఒళ్లు మండుతుంది. ఆన్‌లైన్‌లో ఒకచోట వాటర్ కలర్ స్కెచ్‌బుక్ అని అట్ట మీద పెద్దగా రాసి ఉంటే తెప్పించాను. నీళ్లు తగలగానే పేజీ పడవలా లేచింది, రంగు వెనక్కి దిగింది. మన చేర్యాల నకాశీ చిత్రకారుల్ని చూడండి. ఖాదీ గుడ్డకు గంజి, సుద్దమట్టి, చింతగింజల అంబలి, జిగురు పూత మీద పూత పెట్టి ఆరబెట్టాకే రంగు ముట్టుకుంటారు. ఆ ఎర్రటి నేపథ్యం అలా నిలబడటంలో సగం పని ఆ పూతదే. మనకు ఆ శ్రమ లేదు, 300 జీఎస్ఎం (అంటే మందపాటి) కాటన్ కాగితం కొనుక్కుంటే చాలు. పత్తి పండించే జిల్లాల్లో ఉండి కాటన్ కాగితం కోసం కొరియర్ వాడి దారి చూడాల్సి రావడం వేరే బాధ. ఇక్కడ స్టేషనరీ షాపులో అడిగితే పోస్టర్ కలర్స్, డ్రాయింగ్ షీట్లు చూపిస్తారు.

ఖరీదని వెనకాడితే పెద్ద షీటు ఒకటి కొని ముక్కలు కోసి పుస్తకంగా కుట్టుకోండి. చిన్న బొమ్మలకు అదే ఎక్కువ.

గళ్లు గీసుకునే పని ఒక్కచోట మాత్రం ఒప్పుకుంటాను. రంగు ఎండకు నిలుస్తుందో లేదో చూడటానికి. ఒక పట్టీ మీద రంగులు పూసి, సగం అట్టతో మూసి, పడమటి కిటికీకి అంటించి ఎండాకాలమంతా వదిలేయాలి. అలిజరిన్ క్రిమ్సన్, అంటే పీఆర్83, ఉంటే దాని మీద ఆశ వదులుకోండి. 1868లో జర్మన్లు ల్యాబులో తయారుచేసిన పాత రంగు అది, పేరు గొప్పది, ఎండకు మాత్రం ఆగదు. మా కిటికీకి పెట్టిన పట్టీలో అట్ట తీసి చూస్తే ఒకవైపు ఎరుపు, రెండోవైపు గులాబీ నీడ. అందుకే ట్యూబు మీది పేరు కన్నా పిగ్మెంట్ కోడ్ చదవండి. పేర్లు కంపెనీ ఇష్టం, ఒకే పేరుతో రెండు కంపెనీలు రెండు వేరే రంగులు అమ్ముతాయి. కోడ్ రాయని ట్యూబు నేనైతే కొనను.

మీ 12 ట్యూబుల సెట్‌లో నలుపు, తెలుపు ఉండొచ్చు. ఉంటే ఆ రెండూ ఇంట్లో పిల్లలుంటే వాళ్లకిచ్చేయండి. మిగతావాటిలోంచి ఒక పసుపు, ఒక ఎరుపు, ఒక నీలం తీసి మూతలు గట్టిగా బిగించి సంచిలో వేసుకోండి. భద్రకాళి చెరువు కట్ట దగ్గరే కాబట్టి నీలంతో మొదలుపెట్టండి. ఎరుపు వంతు వచ్చి ఏనుమాముల వెళ్లదలిస్తే యార్డు సెలవులు ముందే కనుక్కోండి, పొద్దున్నే వెళ్లండి. పాట అయ్యాక కాంటాలు మొదలవుతాయి, మీరు బొమ్మ వేస్తున్న కుప్పను అక్కడ మీకోసం ఎవరూ ఆపరు.