వేడిని చూపే కెమెరా: ఫోనుకి తగిలించేదా, విడిగా కొనేదా?

(నెల్లూరులో మోటార్ల రీవైండింగ్ షాపు నడిపే మా శీర్షికకర్త పాఠకుల కరెంటు సందేహాలకు ఇచ్చే జవాబులు. ఈసారి వచ్చిన ఉత్తరాల్లో ఎక్కువ థర్మల్ కెమెరాల మీదే.)

ప్రశ్న: పాత ఆంప్లిఫయర్లు, ఇన్వర్టర్ బోర్డులు ఇంట్లోనే బాగుచేసుకోవడం నాకు సరదా. థర్మల్ కెమెరా కొనాలనుంది. ఫోనుకి తగిలించేది మంచిదా, చేత్తో పట్టుకునే విడి కెమెరానా? పాతిక వేలకు మించి పెట్టలేను.
– ఒక పాఠకుడు, కావలి

జవాబు: ఫోనుకి తగిలించేదే తీసుకోండి. మీ పనికి వేరే ఆలోచన అక్కర్లేదు.

ఈ కెమెరాల్లో ఖరీదంతా సెన్సారుది, దాని ముందుండే జెర్మేనియం లెన్సుది. తెర, బ్యాటరీ, ప్రాసెసర్ మీ ఫోనులో ఎలాగూ ఉన్నాయి కాబట్టి పెట్టిన డబ్బు సెన్సారుకే పోతుంది. ఇన్ఫిరే పీ2 ప్రో, టాప్‌డాన్ టీసీ001 లాంటివి 256×192 పిక్సెళ్లవి. అంటే ఒక్క బొమ్మలో 49,152 చోట్ల వేడి తెలుస్తుంది. మీరు చెప్పిన ధరలో పేరున్న కంపెనీల విడి కెమెరాలు ఎక్కువగా 96×96 దగ్గరే ఆగుతాయి. అంటే 9,216 చోట్లు. ప్రకటనల్లో 320×240 అని పెద్దక్షరాలతో వేస్తే మురిసిపోకండి, చాలాసార్లు అది తెర లెక్క. ‘ఐఆర్ రిజల్యూషన్ (వేడిని పట్టే సెన్సారు పిక్సెళ్లు) ఎంత?’ అని అడగండి. మామూలు కెమెరా బొమ్మలోని గీతల్ని వేడి బొమ్మ మీద పరిచి చూపించేవీ ఉన్నాయి. అవి కంటికి ఇంపుగానే ఉంటాయి గానీ, గీతలు పరిచినంత మాత్రాన సెన్సారు పెరగదు.

బోర్డు పనికి మ్యాక్రో లెన్సు, అంటే దగ్గర్నుంచి చిన్నవాటిని పెద్దగా చూపేది, కూడా తీసుకోండి. అది లేకపోతే సగం పనే. షార్టయిన లైనులోకి బెంచి సప్లై (వోల్టులూ కరెంటూ మనం సరిచేసుకునే పవర్ సప్లై) నుంచి ఒక వోల్టు, కరెంటు లిమిట్ పెట్టి వదలండి. బోర్డు మొత్తం ఒకే రంగులో ఉండగా, ఎక్కడో మూల ఆవగింజంత కెపాసిటర్ ఒక్కటే తెల్లగా వెలుగుతుంది. మీటరు పట్టుకుని ఒక్కో కాలూ ఊడదీసి వెతికిన వాళ్లకే తెలుస్తుంది ఆ సుఖం.

ఇబ్బందులూ ఉన్నాయి. ఫోను మారిస్తే తంటా మొదలు. 2023లో ఐఫోన్ 15 టైప్-సీకి మారింది, దాంతో పాత పిన్ను కెమెరాలున్నవాళ్లు కన్వర్టర్ల కోసం వెతుక్కోవాల్సి వచ్చింది. టాప్‌డాన్ టీసీ001 ఆండ్రాయిడ్‌కీ, విండోస్ కంప్యూటర్‌కే గానీ ఐఫోనుకి పనికిరాదు. కంపెనీ యాప్‌ని పట్టించుకోవడం మానేస్తే కెమెరా బాగానే ఉన్నా మూలన పడుతుంది. కొన్ని ఆండ్రాయిడ్ ఫోన్లలో ఓటీజీని (బయటి పరికరాన్ని ఫోనుకి తగిలించి వాడుకునే వీలు) సెట్టింగ్స్‌లోకి వెళ్లి ఆన్ చేయాలి, వాడకుండా కాసేపు వదిలేస్తే అదే ఆగిపోతుంది. కెమెరా చెడిపోయిందని కంగారుపడకండి. ఇంకో మాట, ఒక పొట్టి టైప్-సీ ఎక్స్‌టెన్షన్ వైరు కొనిపెట్టుకోండి. ఫోను కవరు తీయాల్సిన పనుండదు, ఫోను కదపకుండా కెమెరా ఒక్కటే తిప్పుకోవచ్చు.

సెకనుకు 9 బొమ్మలేనని కొన్నిటిని తక్కువ చేసి మాట్లాడతారు. అమెరికా ఎగుమతి నిబంధనలు 9 దాటితే బిగుసుకుంటాయి కాబట్టి అలా తయారుచేస్తారు. కదలని బోర్డుకి 9 చాలు.

ప్రశ్న: ఇందుకూరుపేట దగ్గర మావి రొయ్యల గుంటలు. నీళ్లలో గాలి కలిపే ఏరేటర్ల ప్యానెల్లో లగ్గులు (వైరు చివర బిగించే లోహపు ముక్కలు) మాటిమాటికీ కాలిపోతున్నాయి. రాత్రిపూట ఏరేటర్లు ఆగితే మా టెన్షన్ మీకు తెలియంది కాదు. కెమెరాతో ముందే కనిపెట్టొచ్చా?
– ఒక రైతు

జవాబు: కనిపెట్టొచ్చు. మీరు మాత్రం విడి కెమెరానే కొనండి.

గట్టు మీద తడిచేతులు, ఉప్పుగాలి. ఫోను అడుగున చిన్న పిన్ను మీద వేలాడే కెమెరా అక్కడ ఎన్నాళ్లు నిలుస్తుంది? పైగా సరిగ్గా చూస్తున్నప్పుడే మేత కంపెనీ వాళ్ల ఫోనొస్తుంది. తుపాకీ ఆకారంలో ఉండే విడి కెమెరాని గుమాస్తా చేతికిచ్చినా ట్రిగ్గర్ నొక్కి చూస్తాడు. ప్యానెల్‌కి 96×96 సరిపోతుంది, కాకపోతే దూరం చూసుకోవాలి. 50 డిగ్రీల కోణం చూసే అలాంటి కెమెరాలో మీటరు దూరం నుంచి ఒక్కో పిక్సెల్ మీద దాదాపు 9 మిల్లీమీటర్ల మేర పడుతుంది. వేడి నమ్మకంగా తెలియాలంటే అటు మూడు, ఇటు మూడు పిక్సెళ్లన్నా కావాలి. అందుకని అర మీటరు దూరం నుంచి చూడండి, చేయి మాత్రం లోపల పెట్టొద్దు. తలుపుకి అద్దం ఉంటే అందులోంచి ఏమీ కనపడదు, మీ ముఖం వేడే తిరిగి కనిపిస్తుంది. తలుపు తీసే చూడాలి, అది కరెంటు పని తెలిసినవాడు పక్కనుంటేనే.

ఏరేటర్లు అరగంటైనా తిరిగాక చూడండి. మూడు ఫేజులనీ పక్కపక్కన పోల్చండి. క్లాంప్ మీటరులో (వైరు చుట్టూ పట్టించి కరెంటు కొలిచేది) మూడిట్లో కరెంటు సమానంగా ఉండి, ఒక్క లగ్గే వేడిగా ఉంటే జాయింటు పోయింది. అక్కడ్నుంచి వైరు వెంట చూస్తూ వెళ్లండి. లగ్గు దగ్గర ఎక్కువై, దూరం పోయేకొద్దీ వేడి తగ్గుతుంటే తప్పు జాయింటుదే. వైరు పొడవునా ఒకే వేడి ఉంటే లోడుకి వైరు సన్నమైంది, లగ్గు ఎన్నిసార్లు మార్చినా లాభంలేదు. మీ ఉత్తరం చదివితే నాకు ఈ రెండోదాని మీదే అనుమానం.

మెరిసే రాగి, అల్యూమినియం కెమెరాని మోసం చేస్తాయి. లోపల కాలుతున్నా పైకి చల్లగా చూపిస్తాయి. కరెంటు ఆపి ప్రతి లగ్గు పక్కనా చిన్న నల్ల ఇన్సులేషన్ టేపు ముక్క అంటించండి, కెమెరాలో ఎమిసివిటీ (ఒక వస్తువు పైభాగం వేడిని ఎంత బాగా వెదజల్లుతుందో చెప్పే అంకె) 0.95 పెట్టండి, ఇకమీద ఆ టేపునే చూడండి. తప్పు దొరికాక బోల్టు బిగించి ఊరుకోవద్దు. లగ్గు కోసేసి, నల్లబడిన తీగ కత్తిరించి, కొత్తది క్రింప్ చేయించండి (పరికరంతో గట్టిగా నొక్కించి బిగించడం). అల్యూమినియం తీగకి రాగి లగ్గు వేసుంటే రెండు లోహాల లగ్గు అడిగి తెప్పించుకోండి. ఉప్పుగాలికి ఆ జాయింటే ముందు పోతుంది.

ప్రశ్న: గోడలోపల పైపు ఎక్కడ కారుతోందో కనపడుతుందా?
– ఒక గృహిణి, ఒంగోలు

జవాబు: గోడలోపలికి ఏ కెమెరా చూడదమ్మా. పైపూత వేడే తెలుస్తుంది. చెమ్మ ఆరేచోట గోడ చల్లబడుతుంది కాబట్టి ఎండకాలంలో, ఫ్యాను వేసి చూస్తే చెమ్మ ఎంతవరకు పాకిందో మచ్చలా కనిపిస్తుంది. ముసురు రోజుల్లో ఆరడమే ఉండదు, మచ్చా ఉండదు. అదే వేడినీళ్ల పైపయితే కాసేపు గీజరు నీళ్లు వదిలి చూడండి, దాని దారి బయటపడుతుంది. ఒక్క గోడ కోసం కొనొద్దు, ఉన్నవాళ్లని పిలిపించుకోండి.

ప్రశ్న: పిల్లల జ్వరం చూడటానికి వాడొచ్చా? పొలంలో పాములు కనపడతాయా?
– ఒక పాఠకుడు, పొదిలి

జవాబు: జ్వరానికి వద్దు. పక్కపక్క చోట్ల మధ్య డిగ్రీలో పదో వంతు తేడాని కూడా ఇవి పట్టేస్తాయి. కానీ అసలు డిగ్రీ ఎంతో చెప్పమంటే రెండు డిగ్రీలు అటూఇటూ అవుతాయి. సెల్సియస్‌లో 37 మామూలు, 38 జ్వరం అనుకుంటే ఇక చెప్పేదేముంది? థర్మామీటరు కొనుక్కోండి. పాము ఒళ్లు నేల వేడికి దగ్గరగానే ఉంటుంది. ఎలుక వెలిగిపోతుంది, పాము కనపడకుండా పోతుంది. పొలానికి టార్చిలైటు, బూట్లు.